రెండు ప్రాసెసర్లు, ఒక రేకుల గది, మే నెల ఎండ

పెద్ద కంపెనీలు వదిలేసిన వర్క్‌స్టేషన్లతో మేడారం దారిలో మిక్సింగ్ సిస్టం కట్టుకోవాలనుకునేవారు ముందుగా వేసుకోవాల్సిన వేడి లెక్క

మేడారం జాతర నాలుగు రోజుల్లో ముగుస్తుంది. కెమెరాల్లోకి ఎక్కిన జాతర మాత్రం నెలలు గడిచినా తెమలదు. కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు గద్దెలకు చేరేది మొదటి రోజు. రెండో రోజు చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను తీసుకొస్తుంటే పోలీసులు గాల్లోకి కాల్పులు జరిపి స్వాగతం చెబుతారు. మూడో రోజంతా మొక్కులు, బంగారం సమర్పణలు. నాలుగో రోజు వనప్రవేశం. ఈ నాలుగు రోజులూ జంపన్నవాగు పొడవునా, గద్దెల చుట్టూ, చెట్ల కింద గుడారాల్లో ఎన్ని కెమెరాలు తిరుగుతాయో లెక్క చెప్పడం ఎవరి తరమూ కాదు. స్టూడియోల వాళ్లు, జాతర పాటలు తీసే యూట్యూబ్ ఛానళ్ల వాళ్లు, తమ కుటుంబం మొక్కు తీర్చుకోవడం పదికాలాలు దాచుకోవాలని వీడియోగ్రాఫర్‌ను మాట్లాడుకున్నవాళ్లు అందరూ అక్కడే ఉంటారు.

ఇవాళ ఓ మోస్తరు కెమెరా కూడా 4కే నాణ్యతలో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తుంది. అంటే గంటకు 45 గిగాబైట్లు. రెండు కెమెరాలతో రోజుకు ఐదేసి గంటలు తీస్తే నాలుగు రోజులకు 40 గంటలు, 1,800 గిగాబైట్లు. అదంతా చూసి, అక్కర్లేనిది కోసేసి, రంగులు సరిచేసి, డప్పు చప్పుడు పాటతో కలిపి గంటన్నర వీడియోగా బయటికి తీయాలి. ములుగులోనైనా, పస్రాలోనైనా, తాడ్వాయిలోనైనా ఈ పనిని మిక్సింగ్ అనే అంటారు. అందులో చివరి మెట్టు రెండరింగ్. కంప్యూటర్‌ను ఉక్కిరిబిక్కిరి చేసేది అదే. పైగా మాఘంలో జాతర అయ్యీ అవగానే పెళ్లి ముహూర్తాలు మీద పడతాయి. ఒక పని తెమలకముందే మరొకటి వచ్చి కూర్చుంటుంది.

సొంతంగా సిస్టం అసెంబుల్ చేసుకోగల కుర్రాళ్ల చూపు ఇలాంటప్పుడే పాత వర్క్‌స్టేషన్ల మీద పడుతుంది. ఒకే మదర్‌బోర్డు మీద రెండు ప్రాసెసర్లు కూర్చునే బరువైన యంత్రాలవి. సినిమా గ్రాఫిక్స్ సంస్థలు, ఇంజినీరింగ్ డిజైన్ కంపెనీలు లక్షలు పోసి కొని, నాలుగైదేళ్లు వాడి, పక్కన పెట్టేసినవి. నా దృష్టిలో ఇవి చెత్త కానే కావు. చేతిలో డబ్బు లేని పనిమంతుడికి పెద్ద యంత్రం అందే దారుల్లో ఇదొకటి. కాకపోతే ఈ యంత్రం తాగే కరెంటు, కక్కే వేడి మనం కొన్న చోటికి కాదు, నడిపే చోటికి సరిపోవాలి. ఆ లెక్క వేయకుండా కొన్నవాళ్లే నష్టపోతున్నారు.

సికింద్రాబాద్‌లో దొరికే సరుకు

కంప్యూటర్ విడిభాగాలంటే తెలంగాణలో ముందుగా గుర్తొచ్చేది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. అందరూ సీటీసీ అంటారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఐటీ కంపెనీలు పెరిగినకొద్దీ, అవి మార్చేసిన పాత యంత్రాల రాక కూడా పెరిగింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11 అధికారిక జాబితాలో చోటు దక్కని పాత యంత్రాలను వదిలించుకోవడానికి ఆఫీసులకు అది ఇంకో కారణమైంది.

2009 నాటి హెచ్‌పీ జెడ్800, 2012 నాటి జెడ్820, అదే కాలపు డెల్ ప్రెసిషన్ టీ7600, లెనోవో థింక్‌స్టేషన్ డీ30 ఈ కోవలోవి. వీటిలో ఉండేవి ఇంటెల్ జియాన్ ప్రాసెసర్లు. 2012లో వచ్చిన ఈ5-2670 సంగతి చూడండి: ఎనిమిది కోర్లు, 16 థ్రెడ్లు, 2.6 గిగాహెర్ట్జ్, 115 వాట్లు. విడుదలైనప్పుడు ఇంటెల్ జాబితా ధర 1,552 డాలర్లు. పెద్ద డేటా సెంటర్లు తమ సర్వర్లను మార్చేయడంతో 2016 నాటికి అమెరికా సెకండ్ హ్యాండ్ మార్కెట్లో అదే చిప్ 70 డాలర్ల చుట్టుపక్కలకు పడిపోయింది. ప్రపంచమంతటా ఔత్సాహికులు జంటలు జంటలుగా కొన్నారు. 16 కోర్లు, 32 థ్రెడ్లు ఒక్క పెట్టెలో దొరకడం అప్పటికి సామాన్యులు ఊహించనిది.

ప్రాసెసర్ కంటే పెద్ద లాభం ర్యామ్‌లో ఉంది. వర్క్‌స్టేషన్లలో వాడే రిజిస్టర్డ్ ఈసీసీ డీడీఆర్3 ర్యామ్ మామూలు డెస్క్‌టాప్ బోర్డులకు పనికిరాదు. కొనేవాళ్లు తక్కువ కాబట్టే చవక. జెడ్820లో 16 స్లాట్లుంటాయి. కొత్త యంత్రంలో 128 జీబీ వేయాలంటే గుండె దడదడలాడుతుంది, ఇక్కడ అది సాధ్యమే. గ్రాఫిక్స్ కార్డు, క్యాప్చర్ కార్డు, వేగమైన ఎస్‌ఎస్‌డీ అన్నీ ఒకేసారి పెట్టుకోవడానికి కావాల్సిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్లు కూడా ఒక్కో ఈ5 ప్రాసెసర్‌కు 40 చొప్పున ఉంటాయి.

దొరికిన భాగాలతో పెద్ద లెక్కలు చేసే యంత్రాన్ని కట్టడం హైదరాబాద్‌కు కొత్తేమీ కాదు. అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో మొదలైన ఈసీఐఎల్, ట్రాంబే శాస్త్రవేత్తలు రూపొందించిన టీడీసీ-12ను తయారు చేసింది. సూపర్ కంప్యూటర్ అమ్మడానికి అమెరికా సవాలక్ష షరతులు పెట్టిన రోజుల్లో, 1988లో, హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన సంస్థ అనురాగ్ ‘పేస్’ అనే సమాంతర కంప్యూటర్‌కు పూనుకుంది. విమానం చుట్టూ గాలి ఎలా పారుతుందో లెక్కగట్టడం దాని పని. మార్కెట్లో దొరికే మోటరోలా 68020 ప్రాసెసర్లనే తీసుకుని, పనిని ముక్కలు చేసి వాటికి పంచారు. ఒక్క చిప్ చేయలేని పనిని పలు చిప్‌ల చేత కలిపి చేయించడం అప్పుడు దేశ అవసరం. ఇప్పుడు అదే పద్ధతి ములుగు జిల్లాలో ఒక స్టూడియో గదికి అందే దూరంలో ఉంది. నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు.

కొనేముందు చూడాల్సినవి

రెండు సాకెట్ల యంత్రంలో కంటికి కనిపించని చిక్కులు కొన్ని ఉన్నాయి. రెండు ప్రాసెసర్లూ ఒకే మోడల్‌వి కావాలి. ఒక్కటే పెట్టి నడిపితే రెండో సాకెట్‌కు చెందిన ర్యామ్ స్లాట్లు, కొన్ని కార్డు స్లాట్లు పనిచేయవు. కార్డు పాడైందనుకుని తిప్పలు పడేవాళ్లుంటారు, లోపం కార్డుది కాదు.

ర్యామ్‌ను రెండు వైపులా సమానంగా వేయాలి. ఒక్కో ప్రాసెసర్‌కు తన సొంత ర్యామ్ ఉంటుంది. పక్క ప్రాసెసర్ దగ్గరున్న సమాచారం కావాలంటే రెండింటి మధ్య ఉన్న క్యూపీఐ దారిలో వెళ్లి తెచ్చుకోవాలి. మన వంటింట్లో ఉప్పు తీసుకోవడానికీ, పక్కింటికి వెళ్లి అడిగి తెచ్చుకోవడానికీ ఉన్నంత తేడా అది. ర్యామ్ అంతా ఒకవైపే గుచ్చితే రెండో ప్రాసెసర్ పనివేళలో కొంత ఎదురుచూపులకే పోతుంది.

జెడ్820 కొనేవాళ్లు బయోస్‌లోకి వెళ్లి బూట్ బ్లాక్ తేదీ చూడాలి. 2011 అని ఉంటే ఆ బోర్డు మీద మొదటి తరం ఈ5 ప్రాసెసర్లే నడుస్తాయి. 2013 అని ఉంటే తరువాతి తరం వీ2 కూడా నడుస్తాయి. మామూలుగా బయోస్ అప్‌డేట్ చేసినా ఈ తేదీ మారదు. బయటి నుంచి చూస్తే రెండు పెట్టెలూ ఒకేలా ఉంటాయి, ధర కూడా ఒకటే చెప్పవచ్చు. తరువాత ప్రాసెసర్ మార్చాలనుకున్న రోజున ఈ ఒక్క తేదీ దగ్గరే దారి మూసుకుపోతుంది.

పెట్టె మొత్తం కొనకుండా బోర్డు విడిగా, ప్రాసెసర్లు విడిగా కొని కడదామనుకుంటే ఇంకొంత జాగ్రత్త కావాలి. హెచ్‌పీ, డెల్ బోర్డుల కొలతలు, ఎస్‌ఎంపీఎస్ కనెక్టర్లు వాటి సొంతం. బజారు క్యాబినెట్‌లో ఇమడవు, బజారు ఎస్‌ఎంపీఎస్‌కు తగులుకోవు. సూపర్‌మైక్రో, ఏసుస్ చేసిన రెండు సాకెట్ల బోర్డులు చాలావరకు మామూలు ఎస్‌ఎంపీఎస్‌తో నడుస్తాయి. కానీ వాటిలో పెద్దవి 12 అంగుళాలకు 13 అంగుళాలుంటాయి, చిన్న క్యాబినెట్లో పట్టవు. ప్రాసెసర్లకు కరెంటు ఇచ్చే ఎనిమిది పిన్నుల వైర్లు రెండు ఉన్న ఎస్‌ఎంపీఎస్ కావాలి. హీట్ సింక్ బిగించే మరలు కూడా రెండు తీర్లు: కొన్ని సాకెట్ల చుట్టూ చదరంగా, కొన్నింటికి సన్నగా పొడవుగా ఉంటాయి. ఒకదానికి కొన్న కూలర్ ఇంకోదానికి పట్టదు. ఈ సాకెట్లలో పిన్నులు ఉండేది బోర్డులో, ప్రాసెసర్‌లో కాదు. మొబైల్ టార్చ్ వెలుగులో ప్రతి వరసా చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. ఒక్క పిన్ను వంగినా ఒక ర్యామ్ వరస మొత్తం కనిపించకుండా పోవచ్చు.

వేడి లెక్క

ఇప్పుడు అసలు సంగతి. కంప్యూటర్‌లోకి వెళ్లిన కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే బయటికి వస్తుంది. జెడ్800 తరం యంత్రాల్లో పైస్థాయి ప్రాసెసర్ ఎక్స్5690 ఒక్కోటి 130 వాట్లు. జెడ్820లో వాడిన ఈ5-2687డబ్ల్యూ అయితే 150. రెండు ప్రాసెసర్లు, గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, డిస్కులు కలిపితే రెండరింగ్ వేళ 450 వాట్లు దాటడం మామూలే. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు గదిలో ఉండే గాలి సుమారు 33 కిలోలు. తలుపులు మూసి, గోడలు వేడి పీల్చుకోవనుకుంటే 450 వాట్లతో ఆ గాలి నిమిషానికి దాదాపు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది. గోడలు కొంత పీల్చుకుంటాయి నిజమే. పైన రేకులుంటే, మే నెల మధ్యాహ్నం అవే ఇంకా వేడిని కిందికి దించుతాయి.

గాలితో చల్లబడే ఏ హీట్ సింక్ అయినా చుట్టూ ఉన్న గాలి కంటే చల్లగా ప్రాసెసర్‌ను ఉంచలేదు. గాలికి ఎన్ని డిగ్రీలు పైన ఉంచగలదన్నదే దాని సత్తా. మంచి హీట్ సింక్ వాట్‌కు పావు డిగ్రీ అనుకుందాం. 130 వాట్లకు 32 డిగ్రీల పైచిలుకు. ఏసీ గదిలో 26 డిగ్రీలుంటే ప్రాసెసర్ 59 దగ్గర నిలుస్తుంది. ఓరుగల్లు ప్రాంతంలో మే నెలలో మామూలుగా చూసే 43 డిగ్రీల దగ్గర అదే ప్రాసెసర్ 75 దాటుతుంది. ఇంతవరకు ఫరవాలేదు. చాలా బోర్డుల్లో రెండు ప్రాసెసర్లూ ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. మొదటిది వేడెక్కించిన గాలే రెండోదానికి అందుతుంది. నిమిషానికి 20 ఘనపుటడుగుల గాలి పారితే 130 వాట్లు దాన్ని సుమారు 11 డిగ్రీలు వేడిచేస్తాయి. అప్పుడు రెండో ప్రాసెసర్ 86 దగ్గర ఉంటుంది. ఈ తరగతి చిప్‌ల పైమూతకు ఇంటెల్ పెట్టిన హద్దు 80 డిగ్రీల చుట్టుపక్కలే.

హద్దు దాటితే కాలిపోతుందని భయపడనక్కర్లేదు. తనను కాపాడుకోవడానికి ప్రాసెసరే వేగం తగ్గించుకుంటుంది. ఇబ్బంది ఏమిటంటే అది చెప్పకుండా తగ్గుతుంది. జనవరిలో మూడు గంటల్లో అయిన రెండరింగ్ మే నెలలో ఐదు గంటలు పడితే సాఫ్ట్‌వేర్‌ను, వైరస్‌ను, అమ్మినవాడిని అనుమానిస్తారు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాం తెరిచి రెండు ప్రాసెసర్ల ఉష్ణోగ్రత పక్కపక్కన చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోయే విషయమిది.

అందుకే నా సలహా: మేడారం వైపు నడపాల్సిన యంత్రానికి అన్నిటికంటే వేగమైన ప్రాసెసర్ జంట వద్దు. అదే బోర్డుల మీద తక్కువ వాట్ల జంటలు కూర్చుంటాయి. జెడ్800కు ఎల్5640 ఉంది, ఆరు కోర్లు, 60 వాట్లు. జెడ్820కు ఈ5-2650ఎల్, ఎనిమిది కోర్లు, 70 వాట్లు. కోర్ల సంఖ్య పెద్దగా తగ్గదు, గడియారం వేగం తగ్గుతుంది. రెండిటిమీద కలిపి 140, 160 వాట్ల వేడి తగ్గితే ఆ గదిలో మనిషి కూర్చోగలడు. యంత్రం ముందు పది గంటలు కూర్చునేవాడి ఒళ్లు కూడా లెక్కలోదే కదా. వేగం కోసం 150 వాట్ల జంట పెట్టి, పక్కన ఏసీ కొని, ఆ ఏసీకి మళ్లీ కరెంటు కట్టడంలో చవక అన్నమాటే మిగలదు.

గదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పనిసరి. యంత్రం వెనుక భాగం ఆ ఫ్యాన్ వైపు ఉండాలి, గోడకు ఆనించకూడదు. ఎండాకాలం పొడిగాలిలో ఎయిర్ కూలర్ బాగా పనిచేస్తుంది, దాన్ని కిటికీలో పెట్టి గదిని చల్లబరచాలి తప్ప క్యాబినెట్ మీదికి నేరుగా తిప్పకూడదు. తేమా దుమ్మూ కలిసి హీట్ సింక్ రెక్కల మధ్య గట్టిగా పట్టుకుంటాయి. మేడారంలో దుమ్ము చిన్న సంగతి కాదు. కోటిమందికి పైబడి వస్తారని ప్రభుత్వమే అంచనా వేసే జాతరలో వేల బండ్ల కింద నలిగిన మట్టి పొడి వారాలపాటు గాల్లోనే ఉంటుంది.

మీటరు చెప్పే మాట

ఈ పెట్టెలు పని లేనప్పుడు కూడా వంద వాట్లకు పైనే లాగుతాయి. సగటున 350 వాట్లతో రాత్రింబవళ్లు నడిపితే రోజుకు 8.4 యూనిట్లు, నెలకు 252. రాష్ట్రంలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద తెల్లరేషన్ కార్డు ఇళ్లకు 200 యూనిట్ల లోపు బిల్లు లేదు. ఇంట్లో ఫ్యాన్లు, ఫ్రిజ్, లైట్లకు నెలకు 120 యూనిట్లు కాలే కుటుంబం ఈ యంత్రాన్ని ఇంటి మీటరు మీద ఆపకుండా నడిపిస్తే 372 అవుతుంది. 200 దాటాక మొత్తం కట్టాల్సిందే. మొదటి 200కు యూనిట్ 5.10, తరువాతి వందకు 7.70, ఆపైన 9 రూపాయల శ్లాబుల్లో లెక్కేస్తే 2,438 రూపాయలు, ఇతర చార్జీలు వేరు. సున్నా నుంచి ఒక్కసారిగా అంత. స్టూడియోకు కమర్షియల్ మీటరుంటే రేటు ఇంకా ఎక్కువ.

అదే యంత్రాన్ని పని ఉన్నప్పుడే, రోజుకు ఆరు గంటలు 400 వాట్లతో నడిపి ఆపేస్తే నెలకు 72 యూనిట్లు. ఆ ఇల్లు 192 దగ్గర ఆగుతుంది. ఇంత దగ్గరి లెక్క కాబట్టే స్విచ్ ఆపడం అలవాటు చేసుకోవాలి. రెండరింగ్‌ను రాత్రికి పెట్టుకోవడం రెండిందాలా మేలు. మే నెలలోనూ తెల్లవారుజామున 28, 29 డిగ్రీలకు దిగుతుంది, పైన వేసిన లెక్కలో పద్నాలుగు, పదిహేను డిగ్రీలు అక్కడే కలిసొస్తాయి.

అడవి గుండా వచ్చే లైన్లలో గాలివానకు కొమ్మ పడితే కరెంటు పోవడం ఈ ప్రాంతానికి అలవాటే. ఇంట్లో ఉండే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది దాదాపు 360 వాట్లే, 450 వాట్ల యంత్రాన్ని అది మోయలేదు. కనీసం 1 కేవీఏ కావాలి. ఈ వర్క్‌స్టేషన్ల ఎస్‌ఎంపీఎస్‌లు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద సరిగా నడవకపోవచ్చు, సైన్ వేవ్‌దే తీసుకోవాలి. ఎర్తింగ్ లేని ఇంట్లో క్యాబినెట్‌ను ముట్టుకుంటే జిల్లుమంటుంది. బొగ్గు, ఉప్పు వేసి ఎర్త్ గుంత తీయించకుండా ఇంత పెద్ద యంత్రాన్ని పెట్టొద్దు. ఈ మాటలో ఎలాంటి సడలింపూ లేదు.

ఎవరికి పనికొస్తుంది

నిజం చెప్పాలి. ఎనిమిది కోర్ల కొత్త ప్రాసెసర్, 65 వాట్ల తరగతిది, ఒక్కటే చాలా పనుల్లో ఈ పాత జంటకు సమానం. కొన్నిట్లో ముందే ఉంటుంది. ఈ5 మొదటి తరంలో, వీ2లో ఏవీఎక్స్2 అనే ఆదేశాల సమూహం లేదు. వీడియోను చిన్న సైజుకు కుదించే కొత్త పద్ధతులు దాని మీదే ఎక్కువ ఆధారపడతాయి. ఈ మధ్య వస్తున్న కొన్ని ప్రోగ్రాంలు అది లేకపోతే అసలు తెరుచుకోవు. పెళ్లి వీడియోల మిక్సింగ్ మాత్రమే చేసేవాళ్లు, చేతిలో కొంత డబ్బు ఉంటే, కొత్త ప్రాసెసర్‌కు తోడు వీడియో ఎన్‌కోడింగ్ చేసిపెట్టే మంచి గ్రాఫిక్స్ కార్డు కొనుక్కోవడమే మేలు.

పాత జంట నిజంగా నిలిచేది ర్యామ్ విపరీతంగా కావాల్సిన చోట. బ్లెండర్‌లో పెద్ద దృశ్యాలు కట్టేవాళ్లు, ఒకే పెట్టెలో నాలుగైదు వర్చువల్ యంత్రాలు నడిపి సర్వర్ పని నేర్చుకునే ఇంజినీరింగ్ విద్యార్థులు, మాటల రికార్డింగులను రాతలోకి మార్చే పరిశోధకులు. 2023 డిసెంబర్‌లో పార్లమెంటు ఆమోదంతో ములుగుకు సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. సమ్మక్కను చిలుకలగుట్ట నుంచి తీసుకొచ్చే కోయ పూజారుల మాట, వాళ్లు తరతరాలుగా చెప్పుకునే కథ, పాడుకునే పాట చాలావరకు కాగితం మీద లేవు. వాళ్ల అనుమతితో ఆ గొంతులను రికార్డు చేసి, ముక్కలు చేసి, మాట మాటకూ గుర్తులు పెట్టి భద్రపరచడానికి వేగం కంటే ఓపిక, స్థలం, ర్యామ్ ఎక్కువ కావాలి. రాత్రంతా నెమ్మదిగా నడిచినా ఫరవాలేని పని అది. లైనక్స్ వేసిన 70 వాట్ల జంట దానికి చక్కగా సరిపోతుంది. ఇలాంటి ఒక యంత్రం మేడారం దగ్గరి ఏ హైస్కూల్ గదిలోనైనా, కాలేజీ గదిలోనైనా ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

కొన్న రోజున చేయాల్సిన పని ఒకటి మిగిలింది. పదేళ్ల కిందటి థర్మల్ పేస్ట్ సుద్దలా ఎండిపోయి ఉంటుంది. రెండు హీట్ సింక్‌లూ విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్ట్ పెట్టి, మరలను మూలమూలకు మార్చుతూ సమానంగా బిగించాలి. బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ కూడా అప్పుడే మార్చాలి. జాతర దుమ్ము తగ్గాక బ్లోయర్‌తో ఒకసారి లోపలంతా శుభ్రం చేయాలి. ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి ఊదాలి, లేకపోతే గాలికి విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పోతుంది. ఎండలు ముదరకముందే, ఉగాదికల్లా, రెండు ప్రాసెసర్ల ఉష్ణోగ్రత చూసి రాసిపెట్టుకోవాలి. ఒకటి రెండోదాని కంటే పదిహేను డిగ్రీలకు మించి వేడిగా ఉంటే ఆ హీట్ సింక్ మళ్లీ విప్పాల్సిందే.